మునెమ్మ టికెట్టు

ఇరవై ఏళ్ళు దాటింది, ఈ మాట నా గొంతులోనే ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరు మా ఊరివాళ్ళు కారు కాబట్టి మీకు రాస్తున్నాను.

మాది ఆండర్సన్‌పేటలో కిరాణా అంగడి. బేరాల మధ్యే పెరిగినవాణ్ణి. పావలా వదులుకుంటే ఆ పూట నాకు అన్నం సహించదు. అర్జీలు రాయడం కూడా వచ్చు, అందుకే చుట్టుపక్కలవాళ్ళకు సగం వకీలుని.

మా ఊరి బంగారు గనులు సర్కారు చేతిలో కుంటుతూ నడుస్తున్న రోజులు. ఒకనాడు చుట్టాల పెళ్ళికని మారికుప్పంలో నేనెక్కిన బెంగళూరు రైలు దారిలో ఐదు గంటలు నిలిచిపోయింది. నేను వెళ్ళేసరికి పెళ్ళి అయిపోయింది, భోజనాలు కూడా అయిపోయాయి. పరిహారం కోసం రైల్వేవాళ్ళకు అర్జీ పెట్టాను. కుదరదన్నారు. టికెట్టు జతచేయలేదట! దిగేటప్పుడు గేటులో దాన్ని తీసుకున్నది వాళ్ళే కదా? మళ్ళీ రాశాను. మళ్ళీ అదే జవాబు, సంతకం మాత్రం వేరు. ఈ కిటికీ దగ్గర అడిగితే ఆ కిటికీ చూపించారు. ఆ కిటికీ మూసి ఉంది. నిజం చెప్పాలంటే అప్పటికి డబ్బు మీద ఆశ పోయింది. వాళ్ళ చేతిలో ఓడిపోకూడదు, అంతే.

అప్పుడే బూదికోట మునెమ్మ వచ్చింది. మా అంగడి ఖాతాదారు. పట్టుపురుగులు పెంచేది. ఆమెదీ అదే బండి. పట్టుగూళ్ళ మూటలకు చోటు దొరకాలని, బండి మొదలయ్యే మారికుప్పంలోనే ఎక్కింది. అప్పటికే ముదిరిన గూళ్ళు. ఆ రోజు సంతలో వేలం తప్పింది, మర్నాటికి పురుగులు రెక్కలొచ్చి గూళ్ళు చీల్చుకుని బయటికి వచ్చేశాయి; చీలిన గూడు ఎవరూ కొనరు. ఆ నష్టం పూడకపోతే పురుగులకు మేత ఇచ్చే మల్బరీ తోట పీకేసి రాగి వేస్తానని మొగుడు పట్టుబట్టాడు. ఆ పురుగులే ఆమెకు లోకం. మూటలతో తోపులాటలో గేటు దాటేసింది కాబట్టి టికెట్టు ఆమె కొంగుముడిలోనే మిగిలిపోయింది. దాన్ని నా చేతిలో పెట్టి అర్జీ రాయమంది.

రాశాను. టికెట్టు మాత్రం నా అర్జీకి గుచ్చాను.

అట్టముక్క మీద ఎవరి పేరూ లేదు. పేరు లేని సరుకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది అనుకున్నానా? ముందు నాది గెలిస్తే, ఆ ఉత్తర్వు చూపించి ఆమెది గెలిపిస్తానని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అంత తేలిగ్గా బోల్తాపడ్డ గిరాకీని నా జన్మలో చూడలేదు.

నాది మంజూరైంది. ఆమెది తిరిగొచ్చింది. కాగితం పట్టుకుని వచ్చింది.

"టికెట్టు లేదంట గదప్పా! నీ చేతికే గదా ఇచ్చినాను?"

"ఇచ్చినావమ్మా. నేనూ పెట్టినాను. ఆ ఆఫీసోళ్ళు యాడ పారేసినారో!"

"ఇంగోసారి రాస్తే?"

"టికెట్టు లేకుండా కుదరదమ్మా."

నెలల తరబడి నన్ను ఏడిపించిన మాట. నా నోటి నుంచే వచ్చింది, తడబాటు కూడా లేకుండా.

"పోనీలేప్పా," అంది. "నీదన్నా వచ్చిండాది. మనోళ్ళలో ఒకడు గెలిచినాడు, సాలు."

ఆ వేసవిలో తోట పీకేశారు.

అసలు సంగతి ఆఫీసుకు ఒక్క ఉత్తరం రాస్తే ఏం పోయేది? ఎన్ని అర్జీలు రాశాను, అది మాత్రం ఎందుకు రాయలేకపోయాను? మునెమ్మ ఇప్పటికీ అంగడికి వస్తుంది. ఆమెతో నేను బేరమాడను, అడిగిన ధరకే ఇస్తాను. "అప్పది శానా మంచి మనసు" అని నన్ను చూపించి పక్కవాళ్ళకు చెప్తుంది. ఒళ్ళు మండిపోతుంది. ఆమె మీద కాదు.

ఆమెకు చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. ఆ టికెట్టును ఎవరూ పారేయలేదు. నేను దొంగిలించాను. ఇదిగో, రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.