తెరేసమ్మ వంటింట్లో మెట్ల స్విచ్చి

గుణదలలో మేరీమాత కొండకు వెళ్ళే దారిలో ఒక పాత బంగళా ఉంది. ఒకప్పుడు అది ఒక పసుపు వ్యాపారి సొంత ఇల్లు. ఇప్పుడు ఆరు ఫ్లాట్లు. పనసకాయ కోసినట్టు దాన్ని అడ్డంగా, నిలువుగా కోసి గోడలు లేపేసరికి కిటికీలన్నీ తలా ఒక వాటాలోకి పోయాయి, మెట్లకు మాత్రం చీకటి మిగిలింది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ దీపం లేకపోతే మనిషి తన చెప్పులు తానే పోల్చుకోలేడు. ఒకసారి కంకిపాడు నుంచి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఆ చీకట్లో ఒక తలుపుకు బదులు ఇంకో తలుపు తట్టి, ఆ ఇంటి పిల్లనే ఖాయం చేసుకుని పోయారట. ఆ జంటకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి అబద్ధమనడానికి వీల్లేదు.

మెట్ల దీపానికి స్విచ్చి ఒక్కటే. అది కింది వాటాలో, తెరేసమ్మ వంటింట్లో, బియ్యం డబ్బా పైన ఉండేది. వ్యాపారి రోజుల్లో ఆ వంటిల్లు ఆయన పడకగది. మెట్లెక్కేది ఎవరో మంచం మీంచే కనిపెట్టాలని తలాపున పెట్టించుకున్నాడు. వాటాలు వేసిన మేస్త్రి గోడలు మార్చాడు గాని ఆ తీగ జోలికి పోలేదు.

తెరేసమ్మ కాన్వెంటు బడిలో ముప్ఫై రెండేళ్ళు గంట కొట్టిన మనిషి. సిస్టర్లు ఆ గంట విని గడియారాలు సరిచేసుకునేవారు. ఒకనాడు ఆమె జ్వరంతో రాకపోతే, గంట కొట్టేవాళ్ళు లేక లెక్కల క్లాసు సాయంత్రం దాకా సాగిందనీ, అందుకే ఆ ఏటి పిల్లలందరూ ఇంజనీర్లయ్యారనీ చెప్పుకుంటారు. రిటైరయ్యాక చేతికి పని లేక దిగులు పడుతున్న రోజుల్లో ఆమెకు ఈ స్విచ్చి దొరికింది.

పగలు మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడితే వేసేది. సాయంత్రం ఆరింటికి వేస్తే పడుకునే దాకా ఉంచేది. అంతటితో ఊరుకోలేదు. దీపం ఒకసారి మెరిస్తే పాలవాడు వచ్చాడని. రెండుసార్లు మెరిస్తే పెరటి కుళాయిలో మునిసిపాలిటీ నీళ్ళు వచ్చాయి, వంతు ఎవరిదో వాళ్ళు దిగి మోటారు వేసి డాబా మీది ట్యాంకు నింపాలని. మూడుసార్లయితే ఎవరింటికో చుట్టాలు వస్తున్నారు, అందరూ ఇల్లు సర్దుకోండని. తలుపుల పైన ఉన్న అద్దాల్లోంచి ఆ మెరుపు అన్ని ఇళ్ళకూ అందేది. నోరు తెరిచి ఎవరినీ పిలిచేది కాదు.

“గంట ఉండగా గొంతెందుకు?” అనేది.

అలా ఏడేళ్ళు గడిచాక పైఅంతస్తులోకి సిద్ధార్థ వచ్చాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు. మంచివాడు, మర్యాదస్తుడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

“మామ్మగారూ, మెట్ల లైటు మీ మీటరు మీద ఉండకూడదండీ. కామన్ మీటరు పెట్టించేద్దాం. సెన్సార్ లైట్లు వేయిస్తాను. మనిషి కదిలితే వాటంతటవే వెలుగుతాయి. ఈ వయసులో మీకెందుకండీ శ్రమ?”

“శ్రమని నీతో ఎవరన్నారు బాబూ?”

“మీరనరు కదండీ, అందుకే నేనే ఆలోచించాను.”

మర్నాడు ఎలక్ట్రీషియన్ ఆమోసు వచ్చి స్విచ్చి ఊడదీసి, ఆ చోట తెల్లటి బిళ్ళ బిగించాడు.

“ఏరా ఆమోసూ, పన్ను పీకినట్టు పీకేశావే!”

“అందరూ కలిసి చెప్పారక్కా. నన్ననకు.”

ఆ సాయంత్రం ఆరింటికి తెరేసమ్మ వేలు అలవాటుగా బియ్యం డబ్బా పైకి వెళ్ళి, నున్నటి బిళ్ళను తాకి తిరిగొచ్చింది. మెట్ల మీద దీపం దానంతటదే వెలిగింది. పిల్లి వెళ్ళింది. ఈ ఇంట్లో ఇక తనకంటే పిల్లికే అధికారం ఎక్కువని ఆమెకు అర్థమైంది.

కొత్త దీపాలకు మనిషి ఆగితే గిట్టదు. రెండో అంతస్తు హనుమయ్య మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటే ఠక్కున చీకటి. ఆయన చేతికర్ర గాలిలో తిప్పితే మళ్ళీ వెలుగు. ఆయన భార్య రావమ్మ, ఎదురు వాటా బుల్లెమ్మ మెట్ల మీద నిలబడి కబుర్లు చెప్పుకోవాలంటే చేతులు విసరక తప్పలేదు. చూసినవాళ్ళు తగువాడుకుంటున్నారని విడదీయబోయారు.

“ఇదేం లైటు బుల్లెమ్మా, నాలుగు మాటలు చెప్పుకోవాలన్నా గంతులెయ్యాల్సొస్తోంది!” అంది రావమ్మ.



మూడో రోజు మధ్యాహ్నం పెరటి కుళాయి బుసకొట్టింది. వంటింటి కిటికీలోంచి తెరేసమ్మ చూసింది. వేలు లేచింది, రెండుసార్లు బిళ్ళను నొక్కింది. ఏమీ వెలగలేదు. ఆ వేలితోనే జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. నీళ్ళు రాగానే వాట్సాప్‌లో చెబుతానన్న సిద్ధార్థ అప్పుడు ఆఫీసులో మీటింగులో ఉన్నాడు. మోటారు ఎవరూ వేయలేదు.

మర్నాడు పొద్దున సిద్ధార్థ తలకు షాంపూ పట్టించాక కుళాయి ఒక్కసారి దగ్గి ఊరుకుంది. కళ్ళు మండుతుంటే తువ్వాలు చుట్టుకుని, ఖాళీ బకెట్టు పట్టుకుని, గోడ తడుముకుంటూ మెట్లు దిగాడు. సెన్సార్ దీపాలు ఒకదాని వెనక ఒకటి వెలిగి, పెళ్ళికొడుకును ఊరేగించినట్టు అతన్ని కిందికి దించాయి. తలుపులన్నీ తెరుచుకున్నాయి.

“అబ్బాయ్, వెలుతురు అదిరిందయ్యా! చెవి వెనక నురగ కూడా కనిపిస్తోంది!” అన్నాడు హనుమయ్య.

సిద్ధార్థ తెరేసమ్మ తలుపు తట్టాడు. “మామ్మగారూ, ఒక్క బకెట్టు నీళ్ళండీ! అసలు కుళాయి ఎప్పుడొచ్చిందండీ?”

“నిన్న మధ్యాహ్నం.”

“మరి చెప్పలేదేమండీ?”

ఆమె అతని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి నడిపించి, అతని నురగ వేలిని ఆ బిళ్ళ మీద పెట్టింది.

“చెప్పానయ్యా. ఇక్కడే, రెండుసార్లు చెప్పాను. నీకందలేదా?”

కళ్ళు కడుక్కున్నాక అతను ఆ బిళ్ళను చూశాడు, ఆమె ముఖాన్ని చూశాడు. రెండూ ఒకేలా బోసిగా ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఆమోసు మళ్ళీ నిచ్చెనతో దిగాడు. సెన్సార్ దీపం ఒక్కటి మాత్రం గేటు దగ్గర పిల్లికి వదిలేశాడు.

“అక్కా, ఇప్పుడు మీటరు అందరిదీ, స్విచ్చి నీది. సరేనా?”

“వాగకుండా బిగించు. ఆరు కావస్తోంది.”

సరిగ్గా ఆరింటికి మెట్లు వెలిగాయి. మర్నాడు పొద్దున రెండు మెరుపులు మెరిశాయి, ఎవరో దిగి మోటారు వేశారు. గంట తర్వాత వరసగా నాలుగు మెరుపులు! సిద్ధార్థ తల బయటపెట్టి, “మామ్మగారూ, నాలుగంటే ఏంటండీ?” అని కిందికి కేక వేశాడు. కింది నుంచి మళ్ళీ నాలుగు మెరుపులే వచ్చాయి.

రావమ్మే పకపకా నవ్వి చెప్పింది. “నాలుగంటే నువ్వేనయ్యా! ట్యాంకు నిండింది, వెళ్ళి తలంటుకో!”