పొరుగింటి రాజవంశం

2008 వేసవిలో మేము పార్సిప్పనీలో ఉండేవాళ్లం. అమ్మ ఇండియా నుంచి మా దగ్గరికి వచ్చి అప్పటికి నెలయింది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైర్డ్ టీచరమ్మ, ఒక అమెరికన్ ఆవిడ, మమ్మల్నిద్దరినీ టీకి పిలిచింది. టేబుల్ నిండా పెద్ద కాగితం పరిచి, తన పూర్వీకుల్ని వెతుక్కుంటూ పాతకాలపు ఇంగ్లండ్ రాజు దాకా వెళ్లానని చూపించింది. నేను అమ్మకి తెలుగులో చెప్పాను.

"మరి మీ వాళ్లేం చేసేవారు?" అని ఆవిడ అమ్మనడిగింది.

"మా అమ్మమ్మ జమీందారు గారింట్లో అంట్లు తోమేదని చెప్పవే. వాళ్లు పెట్టిన అన్నంతోనే మా అమ్మని పెంచింది" అంది అమ్మ.

ఆ రాజుగారి కాగితం ముందు నాకు ఆ మాట నోట రాలేదు. మా ముత్తాత జమీందారుకి మినిస్టర్‌గా చేశారని ఇంగ్లీషులో చెప్పేశాను. ఆవిడ ముచ్చటపడి నోట్‌బుక్‌లో రాసుకుంది.

మినిస్టర్ అన్న మాట అమ్మ చెవిన పడింది. వెంటనే టీచరమ్మ చెయ్యి పట్టుకుని, "నో మినిస్టర్. మై గ్రాండ్‌మదర్, వెసెల్స్ క్లీనింగ్" అంటూ టీ కప్పుని తోముతున్నట్టు చూపించింది.

నాకు తల ఎత్తాలనిపించలేదు. టీచరమ్మ నోట్‌బుక్‌లో రాసింది కొట్టేసి, "ఆమె పేరేమిటి?" అని నన్నే అడిగింది.

నాకు తెలియదు. ఏనాడూ అమ్మని అడగలేదు.

"సూరమ్మ" అంది అమ్మ, నా వంక చూడకుండా.

ఇండియాకి తిరిగి వెళ్లేదాకా అమ్మ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.