రాజ్యలక్ష్మమ్మ గొడుగు

రెండువేల మూడో సంవత్సరం ప్రాంతం. రాయచోటి బజారులో రామకోటయ్యగారి చిల్లర అంగడికీ, వెనకాలున్న ఇంటికీ మధ్య నాలుగడుగుల వాకిలి. అది దాటడానికి కూడా ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గొడుగు విప్పేది. గొడుగు తనకు కాదు, చంకలో ఉన్న మనవరాలు శ్రీవాణికి. ఒక్కోసారి మూయడం మరచిపోయి అంగట్లోనే గొడుగేసుకుని బెల్లం తూచేది.

“ఏమక్కా, అంగట్లో వాన పడతాండాదా?” అనేది పాలు పోసే తిరుపతమ్మ.

“నవ్వు మ్మే, నవ్వు. నన్ను చూడను వచ్చినోళ్ళంతా ఉప్మా తిని, పిల్ల నలుపని పోయినారు. ఆ ఉప్మా చేసింది గూడా నేనే. నా బిడ్డకు ఆ రాత వద్దు.”

ఆ వీధివాళ్ళం మేమంతా నవ్వేవాళ్ళం. ఆమే ముందు నవ్వేది.

కొడుకూ కోడలూ ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్ళు కాదు. శ్రీవాణి ఎండ తగలకుండానే పెరిగింది. వీధి పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే అరుగు మీద, నీడలో కూర్చుని బిస్కెట్లు తినేది. అంగట్లో రాగుల బస్తాలుండేవి గానీ, అవి పల్లెవాళ్ళకు అమ్మడానికి. ఆ ఇంట్లో సంగటి కెలకడం నామోషీ. పాలు చూసి పిల్ల మొహం తిప్పుకుంటే అవి అవ్వ కాఫీలోకి పోయేవి.

బడికి పోయే వయసుకు పిల్ల కాళ్ళు విల్లులా వంగాయి. కాస్త నడిస్తే నొప్పని ఏడ్చేది. రాజ్యలక్ష్మమ్మ డాక్టరు దగ్గరికి పోలేదు, టైలరు దగ్గరికి పోయింది. పాదాలు మునిగే పావడాలు కుట్టించింది. కాళ్ళ సంగతి ఊరికి తెలిస్తే, రేపు దీన్ని చూడటానికి ఉప్మా కోసమైనా ఎవరూ రారని ఆమె భయం.

ఒంటిమిట్ట తిరునాళ్లలో, గుడి చుట్టూ తిరుగుతూ, ఆ పావడా అంచే కాలికి తగిలి శ్రీవాణి పడింది. పావడా మోకాళ్ళ పైకి పోయింది. చుట్టూ జనం. రాజ్యలక్ష్మమ్మ ముందు పావడా సర్దింది, తరువాత పిల్లను ఎత్తుకుంది. ఇది మాకు చెబుతూ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మర్నాడే పిల్లను కడపకు తీసుకుపోయింది. అక్కడ డాక్టరు అడిగాడు: “పాప ఎండలో ఆడుకుంటుందా?”

“అట్లా ఇడుస్తామా సార్? ఇంతవరకు ఎండ పొడ తగలనీలేదు,” అంది, మెచ్చుకుంటాడని.

ఆయన మెచ్చుకోలేదు. ఒంటికి ఎండ తగలకపోతే తిండిలోని సున్నం ఎముకకు పట్టదన్నాడు. మందుతోపాటు పాలు, పెరుగు, రాగులు, నువ్వులు పెట్టమన్నాడు. నొప్పి తగ్గాక పరుగెత్తనివ్వమన్నాడు. చంకలో ఉంటే కండా గట్టిపడదు, ఎముకా గట్టిపడదు.

“కాళ్ళు సక్కగా అయితాయా సార్?”

“నొప్పి పోతుంది. వంపు కొంత తగ్గుతుంది. మొదట్లోనే తెచ్చి ఉంటే మొత్తం పోయేదేమో.”

ఇంటికి రాగానే ఆమె పావడాలన్నీ మోకాలి దాకా కత్తిరించింది. రాగుల బస్తా విప్పింది. మొదటి రోజు సంగటి చూసి, “ఇది తినేదానికా, గోడకు మెత్తేదానికా?” అన్నాడు రామకోటయ్య. ఆమె ఆయన కంచంలో ఇంకో ముద్ద వేసింది.

శ్రీవాణికి నొప్పి పోయింది, కండ పట్టింది. వంపు మాత్రం మిగిలింది. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద గెంతబోయి పడేది. లేచి మళ్ళీ గెంతేది. రాజ్యలక్ష్మమ్మ ఎండలో, గొడుగు లేకుండా, అరుగు మీద కూర్చుని చూసేది.

“అవ్వా, నల్లగా అయితావు. లోపలికి పో.”

“నన్ను చూడను ఇంకెవరొస్తార్లే. నువ్వు ఆడుకో తల్లీ,” అనేది, ఆ కాళ్ళ మీది నుంచి చూపు తిప్పకుండా.