తడిగోనెల కింది రేగడి దిమ్మెలు

పొద్దుగాల లేవంగనే అరుగు మీది తడిగోనెలకు చెంబెడు నీళ్లు సల్లేదాన్ని. ఇప్పుడు సుత లేస్త, చెంబు పట్టుకుంట, మళ్ల పెడ్త. తడపాల్సిన దినాలైపోయినయి. తడుపుమనెటోడు పోయిండు.

ఆ గోనెల కింద మా తమ్ముడు సిద్దిరాములు చేసిన రేగడి దిమ్మెలున్నయి. హైదరాబాదుల ఇంజినీరు చదువైనంక, వాడు మీది చదువుకు రోడ్ల మన్ను మీద పరిశోధన పట్టిండు. వానకాలం మా తొవ్వల బండి దిగబడితే ఎడ్లు మోకాళ్ల మీద పడుతయి. రేగడిల సున్నం కలిపితే గట్టిపడుతదని వాని పట్టు. సెలవులల్ల మా ఇంట్ల కూసోని మన్ను పిసికెటోడు.

"లడ్డూలా బిడ్డా?" అని పక్కింటి శంకరవ్వ నవ్వేది.

"పండ్లుంటే కొరుకు పెద్దవ్వా!" అనెటోడు.

నాకు మాత్రం ఒక్కటే చెప్పిండు: "అక్కా, ఏడు దినాలు తడి ఆరొద్దు." ఎనిమిదో నాడు రెండు దిమ్మెలు బకెట్ల ఏసిండు. ఉత్త రేగడిది పొద్దెక్కేసరికి బురదయింది. సున్నం కలిపింది రెండు దినాలైనా మూల సుత విరగలే.

అరవై ఆరుల, చొప్పదండి తొవ్వల సున్నం మన్ను నూరు గజాలు ఏసి చూపుమన్నరు రోడ్లాఫీసోళ్లు. ఏసిండు. గోనెలు పరిచి, రోజూ తడుపుమని ఆ పని చూసే ఓవర్సీరుకు చెప్పి, జరంతోని ఇల్లు చేరిండు. మూడో నాడే ఎవరో పెద్దమనిషి మోటరు పోవాలని ఆ ఓవర్సీరు గోనెలు తీయించిండు. ఎనుక కంకరబండ్లు సుత తోలించిండు. ఇల్లలికినంక ఆరేదాక మేం పిల్లలను సుత లోపల అడుగువెట్టనియ్యం. గంత సదువుకున్నోనికి గీ తెలివి లేదా?

వాన పడ్డది, తొవ్వ పెళ్లలు పెళ్లలుగ లేచింది. సున్నం మన్ను పనికిరాదని ఓవర్సీరు పైకి రాసి పంపిండు. గోనెలు తీసిన సంగతి రాయలే. గా కాయితం చూసి తమ్ముని పరిశోధన ఆపిండ్రు. దాని నకలు వాడు జరంతోని మంచంలనే చదివిండు.

"ఎన్ని దినాలు తడిపిండో రాయలే, అక్కా."

పాణం పోయేదాక గదే మాట.

ఇయ్యాల ఓవర్సీరు పరామర్శకొస్తడట. శంకరవ్వ పొద్దుగాలే వచ్చింది.

"ఆ మన్ను ఎత్తిపోసి అరుగు అలుకు బిడ్డా. సారు ఏడ కూసుంటడు?"

ఇల్లంత అలికిన. వాకిలి ఊడ్సిన. అరుగు మాత్రం అలకలే, ఏడు దినాలు నిండ తడిపిన సున్నం దిమ్మెలు తీయలే. పక్కన నీళ్ల బకెటు పెట్టిన. కూసునే జాగ లేకుంటే నిలవడనీ. నిలవడి, ఒక దిమ్మె నీళ్లల్ల ఏసి చూడనీ.