నా పేరున్న పొట్లాలు

మా హైస్కూల్లో కెమిస్ట్రీ సారు క్లాసుకి రెండే షరతులు. సెలవు చీటీలో అబద్ధం రాయకూడదు. తప్పిపోయిన ప్రయోగం ఎవరిది వాళ్ళే చేసి తీరాలి.

ఆ ఏడు వానల్లేక మా చేను ఎండిపోయింది. అమ్మతో బోరు నీళ్ళున్న పక్క ఊరికి చెనక్కాయ కూలికి పోయి, వారం తర్వాత వచ్చి, జ్వరమని చీటీ ఇచ్చాను. ఆయన చీటీ కాదు, నా చేతులు చూశారు.

"ఏమ్మా, జ్వరమొస్తే గోర్లలో మట్టి చేరుతాదా? చెనక్కాయ పెరకను పోయినానని రాయి. దాంట్లో సిగ్గేముండాది?"

"రేపట్నుంచి బడికి రాను సార్. కూలికే పోవాల."

ఆయన బీరువా తెరిచారు. నేను రాని మూడు ప్రయోగాలకూ రసాయనాలు తూచి, పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీదా నా పేరు రాసి పెట్టారు.

"మరి ఇవి ఎవురు చేస్తారు?"

ఆ సాయంత్రం ఒకటి విప్పాను. మర్నాడు రెండోదాని కోసం వెళ్ళాను. అంతే, ఇక బడి మానలేదు.