తాడు బిగిసినప్పుడు లేచే చెయ్యి

నా పేరు చెంచమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో ఏ కాగితంలోనూ లేదు, నా మోకాళ్ళకు తెలుసు. గిద్దలూరుకు ఎగువన, నల్లమల అంచున ఉన్న ఊళ్ళో మా ఇల్లు. నా భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒకే వాకిట్లో రెండు పొయ్యిలు, ఒకటి నాది, ఒకటి మా మరిదిది. ఆ రెండో పొయ్యి దగ్గర ఇప్పుడు నా తోడికోడలు ఒక్కతే కూర్చుంటోంది. మా మరిది పోయాడు. మార్కాపురం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను నిలబడి ఉన్నాను. అప్పటినుంచి కుదురుగా కూర్చున్నది లేదు. ఈ మాటలు కూడా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. నాకు అక్షరం రాదు. నోరు వచ్చు.

వాడు ఊపిరి జబ్బుతో పోయాడు. బీడీలు తాగి తెచ్చుకున్న జబ్బు. జీపు వల్ల కాదు, దాని ముక్కున ఉన్న వించి వల్ల అసలే కాదు. దినం నాడు చుట్టాల్లో కొందరు అలా గుసగుసలాడారు కాబట్టి ముందే చెబుతున్నాను. వించి తెలియనివాళ్ళు కూడా ఇది చదువుతారు. అది జీపు ముందు బిగించే డ్రమ్ము. దానికి ఇనుప తాడు చుట్టి ఉంటుంది, తాడు కొసన కొక్కెం. బ్యాటరీ బలంతో డ్రమ్ము తిరిగి, వాగులో దిగబడిన బండిని ఒడ్డుకు లాగుతుంది.

మరిదిని 'వాడు' అంటున్నానని తప్పు పట్టకండి. నేను కాపురానికి వచ్చేటప్పటికి వాడు జారిపోయే లాగును ఒక చేత్తో పట్టుకుని తిరిగే పిల్లవాడు.

మా ఊరికీ రోడ్డుకీ మధ్య వాగు ఉంది. కొండలో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు దిగుతాయి. నీళ్ళు పోయాక ఇసుక కింద బురద దాక్కుంటుంది. ఒకసారి కంభం పోయే పెళ్ళి వ్యాను అందులో కూరుకుపోయింది. ట్రాక్టరు కట్టి లాగితే మోకు తెగింది. పెళ్ళికొడుకు పంచె ఎగ్గట్టి, బాసికం జారకుండా నుదుటి మీద చెయ్యి పెట్టుకుని వాగు నడిచి దాటాడు. ఊరంతా నవ్వింది. మా మరిది మాత్రం ఒడ్డున గొంతుక్కూర్చుని తెగిన మోకు కొసను వేళ్ళతో విప్పి విప్పి చూశాడు.

"వదినా, మన జీపుకు వించి పెట్టాల," అన్నాడు.

"ముందు దానికి హారన్ పెట్టరా. నువ్వొచ్చేది కుక్కలకు గూడా తెలియడంలేదు," అన్నాను.

ఆ జీపు వేలంలో కొన్నది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందుతుంది కాబట్టి రాళ్ళ మీదా కొండ మీదా పోతుంది. బురద దాన్ని కూడా వదలదు.

వించి కొనే ముందు వాడు జీపును మార్కాపురం దారిలో పలకల గని దగ్గర లారీలు తూచే కాటాకు తోలుకుపోయాడు. డీజిల్ నిండా పోయించాడు. గునపాలు, పారలు, నీళ్ళ డబ్బాలు వేశాడు. నన్నూ నా తోడికోడలినీ ఎక్కించాడు. కాటా మీదికి రాగానే నేను దిగబోయాను.

"కూర్చో వదినా. నీ బరువు బరువు గాదా?"

"నన్ను తూకమేసి ఎవరికి అమ్ముతావురా?"

"కొనేవాడు యాడుండాడు? బండి బరువు మనకు తెలియకపోతే తాడుకు తెలుస్తాది. అప్పుడు తెలిసి ఏం లాభం?"

ఆ మాట వాడు బతికున్నన్నాళ్ళూ అన్నాడు. సంబంధాలు చూసేటప్పుడు కూడా అన్నాడు.

నంద్యాల దుకాణంలో అన్నిటికన్నా పెద్ద వించి చూపించారు. వాడికి నచ్చలేదు. నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు లాగేది చాలన్నాడు. అంతకంటే పెద్దదైతే బ్యాటరీని తాగేస్తుందట, ముక్కు బరువెక్కి జీపే ముందుకు దిగబడుతుందట. తర్వాత తాడు దగ్గర పేచీ వచ్చింది. నైలాన్ లాంటి తాడు ఒకటి ఉంది, తేలిక, తెగినా పెద్దగా కొట్టదని దుకాణదారు చెప్పాడు. నాకు అది నచ్చింది. మా వాగు రాళ్ళకు అంచులు ఎక్కువ, అవి ఆ తాడును కోస్తాయి, పీచులోకి ఇసుక దూరి లోపలినుంచి అరగదీస్తుంది, ఇనుప తాడే కావాలని మా మరిది. అందరి ముందూ పోట్లాడుకున్నాం.

"ఇనప తాడు తెగి తగిలితే కాళ్ళు ఊడిపోతాయంట. ఆయన చెప్పినాడు గదా, నీకు చెవుల్లేవా?"

"తాడు బిగిసినప్పుడు మనుషుల్ని దూరం పెట్టాల. అంతే."

"మన ఊర్లో నీ మాట ఎవరు వింటారురా, దూరం జరిగేదానికి?"

వాడు నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

గిద్దలూరు వెల్డింగ్ షెడ్డులో ఇంకో రగడ. వించిని బంపరుకు అతికిస్తే మధ్యాహ్నానికల్లా అయిపోతుంది మామా అన్నాడు అక్కడి మేస్త్రి.

"బంపరు మీసం లాంటిది అల్లుడా. బావిలో పడినోణ్ణి మీసం పట్టుకోని లాగుతారా?"

మందపాటి ఇనుప పలక కోయించి, చాసిస్‌కు, అంటే జీపు అడుగు చట్రానికి, బోల్టులతో బిగించి, దాని మీద వించిని కూర్చోబెట్టారు. బ్యాటరీ నుంచి బొటనవేలంత వైర్లు లాగి, మధ్యలో ఒక స్విచ్చి పెట్టారు. పని లేనప్పుడు కరెంటు పూర్తిగా ఆగిపోవాలని. ఇంటికి వచ్చాక కూడా వాడు ఊరుకోలేదు. డ్రమ్ము మీద కొన్ని చుట్లు మాత్రం ఉంచి తాడంతా బయటికి తీశాడు. మిట్ట మీది చింతచెట్టుకు, బెరడు తెగకుండా వెడల్పు బెల్టు చుట్టి, దానికి కొక్కెం తగిలించాడు. జీపు తన తాడుతో తానే మిట్ట ఎక్కింది. రాట్నం కదురుకు నూలు చుట్టుకున్నట్టు, తాడు డ్రమ్ము మీద వరస పక్కన వరస బిగిసి కూర్చుంది. వదులుగా చుడితే బరువు పడ్డప్పుడు పై తాడు కింది చుట్లలోకి దూరి ఇరుక్కుంటుందని చెప్పాడు.

మొదటిసారి దిగబడింది మిరపకాయల ట్రాక్టరు. చూడటానికి ఊరంతా వాగులో దిగింది. లాగమని ఒకడు, ఆపమని ఒకడు, ఎడమకు తిప్పమని ఇంకొకడు. మా మరిది స్విచ్చి తీసేసి, జీపు దిగి, నేరుగా మా ఇంటికి వచ్చాడు. నేను రాగులు చెరుగుతున్నాను.

"చేట కింద పెట్టు వదినా. ఇంతమంది నోళ్ళలో నాకు ఏదీ వినపడలేదు. ఒక్క చెయ్యి కనపడాల. నువ్వు రా."

వేలు పైకెత్తి తిప్పితే లాగాలి. కిందికి తిప్పితే వదలాలి. పిడికిలి లేస్తే ఆగాలి. ఎవరు అరిచినా వాడు నా చెయ్యే చూస్తానన్నాడు. నేను వాగు మధ్య రాయి మీద, తాడుకు దూరంగా నిలబడ్డాను. వాడు ఒక పాత బొంతను తడిపి తాడు మీద పరిచాడు. తెగితే దాని విసురు ఆ బరువుకు నేలకు దిగుతుంది. అప్పుడు వాడికి వరసకు మామ అయ్యే ఒక పెద్దమనిషి గొంతు లేచింది.

"బొట్టులేని మనిషి ఎదురుగా నిలబడి చెయ్యెత్తేదేంది? ఊర్లో మగోళ్ళు లేరా?"

ఆ మాట నాకు కొత్త కాదు. పెళ్ళిళ్ళలో, ప్రయాణాల్లో తలుపు వెనక్కి జరగడం నాకు అలవాటే. రాయి దిగబోయాను.

"యాడికి వదినా?" అని అరిచాడు మా మరిది. తర్వాత ఆ పెద్దమనిషి వైపు తిరిగాడు. "మామా, తాడు తెగితే అపశకునం. చెయ్యి లేస్తే ఏం కాదు. నువ్వు ముందు ఆ తాడు కాడ నుంచి జరుగు."

ఆయన జరిగాడు. నేను వేలు తిప్పాను. ట్రాక్టరు కదిలింది. నా చెయ్యి చూసి ఒక పని సాగడం, నా చెయ్యి చూసి ఆగడం నా బతుకులో అదే మొదలు. ఆ తర్వాత ఎన్ని బండ్లు లాగామో నేను లెక్క పెట్టలేదు. ఒక్క మనిషికి గీత పడలేదు. ప్రతిసారీ వాడు తోలు గ్లవుజు తొడుక్కుని తాడంతా తడిమి, పురి లేచిందేమో చూసుకుని చుట్టేవాడు. అప్పటిదాకా ఎవరు టీ ఇచ్చినా తాగేవాడు కాదు.

ఇప్పుడు నా ఫిర్యాదు. వాడు ఆసుపత్రిలో ఉండగా వాడి కొడుకు మార్కాపురం నుంచి వచ్చి పాల ఆటోను లాగాడు. వీడియోలో బాగుండదని బొంత పక్కన పడేశాడు. బిగిసిన తాడును ఎగిరి దాటుతూ కుర్రకారు ఫోన్లు పట్టుకున్నారు. నేను ఒడ్డునుంచి పిడికిలి ఎత్తాను. ఒక్కడూ చూడలేదు. తాడులో ఒక పురి టప్పున తెగింది. మిగిలినవి ఆగాయి కాబట్టి కాళ్ళు మిగిలాయి. దినం అయ్యాక ఆ కొడుకు నాతో అన్నాడు: "పెద్దమ్మా, ఇంక నువ్వు ఇంట్లో కూర్చో. వించికి రిమోట్ ఉండాది గదా, నేనే చూసుకుంటా."

రిమోట్ పట్టుకున్నవాడు డ్రమ్మును చూస్తాడు. జీపు జారకుండా వెనక కట్టిన చెట్టును ఎవరు చూస్తారు? దిగబడిన బండిలో కూర్చున్నవాళ్ళను ఎవరు చూస్తారు?

జీపు వాడిది, తండ్రిది కొడుక్కు వస్తుంది. నాకు జీపు వద్దు. తాడు మార్చేదాకా వించి తిరగకూడదు. మార్చాక, తాడు బిగిసినప్పుడు లేచే చెయ్యి నాది. నా తర్వాత ఎవరిదో నేను నేర్పి చెబుతాను. ఊరిలో ఎవరూ దాన్ని బొట్టు చూసి నిర్ణయించడానికి వీల్లేదు. చదివినవాళ్ళు ఇది వాడికి చెప్పండి, నేను చెబితే ముసలిదాని సణుగుడు అంటున్నాడు.

నిన్న ఇంట్లో ఉండలేక వాగులోకి పోయాను. నీళ్ళు లేవు, మనుషులు లేరు. ఆ రాయి మీద నిలబడి పిడికిలి ఎత్తాను. ఎందుకెత్తానో అడగకండి. అవతలి ఒడ్డున రోడ్డు దిగి వస్తున్న ఆటో ఒకటి టక్కున ఆగింది. నడిపేవాడు ఇంజిన్ ఆపేశాడు. తల బయటికి పెట్టి, ముందు ఏముందని గానీ, ఎందుకని గానీ అడగకుండా, నేను చెయ్యి దించేదాకా అలాగే చూస్తూ ఉన్నాడు.

చెంచమ్మ, ఎడమ బొటనవేలి నిశాని.

చూసి చెప్పిన సాక్షులు: సుబ్బలక్ష్మమ్మ, మా మరిది భార్య. యేసురత్నం, ఆ ఆటో నడిపిన మనిషి.

వీళ్ళ కింద మరిది కొడుకు పేరుకు చోటు వదిలిపెట్టమన్నాను.