దెయ్యాలకు వంకలు పెట్టే శేషారత్నం ఆంటీ

దెయ్యాలకు భయపడేవాళ్ళు ఉంటారు, దెయ్యాలను నమ్మనివాళ్ళు ఉంటారు. దెయ్యాలను ఈసడించుకునే మనిషి మాత్రం నాకు తెలిసి ఒక్కరే. మా శేషారత్నం ఆంటీ. కాకినాడ నుంచి ఈ చలిదేశానికి వచ్చి పామర్‌స్టన్ నార్త్‌లో సెటిలైన ఈవిడ దెయ్యాల కథల సంపుటాలు తప్ప ఇంకేమీ చదవదు. చదివిన ఒక్క దెయ్యాన్నీ మెచ్చుకోదు.

మేమిద్దరం ఇక్కడి ఒక రెస్ట్ హోమ్‌లో పెద్దవాళ్ళకు సేవలు చేస్తాం. ఆంటీకి డ్రైవింగ్ రాదు కాబట్టి రోజూ నా కారులోనే ప్రయాణం. కారు కదలగానే ఆవిడ లైబ్రరీ పుస్తకం తెరుస్తుంది. మొదటి సిగ్నల్ దాటేలోగా మొదటి తిట్టు పడుతుంది.

"ఈ దెయ్యానికి బుర్ర లేదే కీర్తనా! వీధి తలుపు బార్లా తీసుంటే, పోయిపోయి కిటికీ గోకుతోంది."

"భయపెట్టాలె కదాంటీ."

"భయమా నా మొహమా? చిరాకొస్తోంది. మా ఇంట్లో అయితే చీపురు తిరగేసేవాళ్ళం."

ఇంకో పుస్తకంలో ఇంకో దెయ్యం అద్దంలో కనిపించేది. "తల దువ్వుకోడానికి కూడా మన కొంపలకే రావాలా?" అంది ఆంటీ. మరో దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. "మరి మెట్లెలా దిగుతుందో రాశాడా? లేదు. రాసేవాడికి బుద్ధుండక్కర్లా?"

"అంతగనం నచ్చకుంటే ఎందుకు చదువుతరాంటీ?" అని ఒకసారి విసుక్కున్నాను.

"ఒక్కడైనా సరిగ్గా రాసుంటాడేమోనని ఆశ."

"పోనీ, నవలలు చదవచ్చు కదా?"

"నవల్లో దెయ్యం వేసవి సెలవులకొచ్చిన చుట్టమే. ఓ పట్టాన కదలదు. కథలో దెయ్యమైతే టీ చల్లారేలోగా వచ్చి, అరిచి, తన దారిన తను పోద్ది. పుస్తకం మూసి చూసుకుంటే మనిల్లు మనకి ఉంటుంది, మన చేతులు మనకుంటాయి. ఆ హాయి కోసం ఎన్ని చెత్త దెయ్యాల్నైనా భరించొచ్చు."

పుస్తకాల్లో లేని దెయ్యాలనూ వదలదు. ఒక ఆదివారం మా ఫ్లాట్‌లో భోజనాలకు, సెలవు మీద ఊళ్ళోకొచ్చిన మా తెలుగు స్నేహితుడు ఫ్రెడ్రిక్ వచ్చాడు. దూరాన డునెడిన్‌లో నర్సుగా చేస్తాడు. బిర్యానీ మధ్యలో గొంతు తగ్గించి, "మా ఇంట్లో ఏదో ఉందాంటీ. గది ఉన్నట్టుండి చల్లబడిపోతుంది. గోడలకి చెమటలు పడతాయి" అన్నాడు.

"హీటర్ వేశావా?"

"లేదాంటీ."

"మరింకేం! అది దెయ్యం కాదు, నీ పిసినారితనం. ఈ దేశంలో కొంపలన్నీ అంతే. ఆ లెక్కన గడపకో దెయ్యం ఉండాలి."

ఫ్రెడ్రిక్ రైతా గిన్నె తనవైపు లాక్కున్నాడు.

మా రెస్ట్ హోమ్‌లో మధ్యాహ్నాలు ఎవరో ఒకరం లౌంజ్‌లో కూర్చుని పెద్దవాళ్ళకు పుస్తకం చదివి వినిపిస్తాం. మేనేజరమ్మ ఎప్పుడూ తోటపని పుస్తకమే ఇచ్చేది. గులాబీలకు ఎరువు వేసేలోపే అందరూ గురక పెట్టేవాళ్ళు. ఆంటీ వంతు వచ్చిన రోజు ఆవిడ ఆ పుస్తకాన్ని పురుగును చూసినట్టు చూసి పక్కన పడేసింది. సంచీలోంచి దెయ్యాల కథలు తీసింది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. దానికి కారణం మొరీన్. భర్త కాలిన్ చనిపోయినప్పటి నుంచి ఆవిడ గది దాటి రావడం లేదు. భోజనం ట్రే వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొస్తోంది. డాక్టరు కూడా కంగారు పడుతున్నాడు. ఆవిడ గది లౌంజ్ పక్కనే, తలుపు తీసే ఉంటుంది. ఆంటీ ఎంచుకున్నది, చనిపోయిన భర్త ఇంటికి తిరిగొచ్చే కథ! ఆ పుస్తకం నేనూ చదివాను. చివర్లో భర్త తడి బట్టలతో వచ్చి భార్య పక్కన పడుకుంటాడు. తెల్లారేసరికి భార్య ఉండదు.

"ఆంటీ, గా కథ వద్దు. మొరీన్ వింటది" అని గొణిగాను.

"వినాలనే" అని ఆంటీ గొంతు ఇంకా పెంచింది.

కథలో భర్త గేటు తీశాడు. లౌంజ్‌లో గురకలు ఆగాయి. మెట్లెక్కాడు. మేనేజరమ్మ పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది. మా ఇద్దరి ఉద్యోగాలూ ఆ మెట్ల మీదే దొర్లిపోతున్నట్టు అనిపించింది నాకు. భర్త తలుపు తోశాడు. ఆంటీ పేజీ తిప్పింది.

భర్త తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచాడు. "నిన్నటి సూప్ అలాగే ఉందేంటి? నేను లేకపోతే తిండి మానేయాలని ఎవరు చెప్పారు నీకు?" అని భార్య మీద కేకలేశాడు. సూప్ వేడి చేసిచ్చి, ఆవిడ తాగేదాకా ఎదురుగా కూర్చున్నాడు. గిన్నె కడిగి, పెట్టకూడని అరలో పెట్టి, వెళ్ళిపోయాడు.

పుస్తకంలో ఫ్రిజ్ లేదు. సూప్ అసలే లేదు.

ఆంటీ పుస్తకం టప్పున మూసింది. "చచ్చాక కూడా గిన్నె ఎక్కడ పెట్టాలో తెలీలేదు వీడికి. ఇదీ ఒక దెయ్యమేనా!" అని తన కాకినాడ ఇంగ్లీషులో ఈసడించింది.

లౌంజ్ అంతా ఘొల్లున నవ్వింది. పక్క గది గుమ్మంలోంచి ఇంకో సన్నని నవ్వు వినిపించింది. మొరీన్ తన వాకర్‌ను ఊతగా పట్టుకుని నిలబడి ఉంది.

"మా కాలిన్ అచ్చం ఇంతే" అంది. వచ్చి ఆంటీ పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం ట్రే ఖాళీగా తిరిగొచ్చింది.

ఇంటికి వెళ్తూ కారులో అడిగాను. "పుస్తకంల అట్ల లేదు కదాంటీ?"

"రాసినవాడికి చేతకాలేదు, నేను సరిచేశాను. మొగుడు పోయిన మనిషికి పక్కలో శవం కథ చెప్తారటే ఎవరైనా? బుద్ధిలేని రాతలు!" అని కిటికీ వైపు తిరిగిపోయింది.

మర్నాడు మొరీన్ దుప్పటి మారుస్తుంటే మంచం పక్కన ఆ పుస్తకమే కనిపించింది. ఆంటీ లౌంజ్‌లో మరిచిపోయి వదిలేసినట్టుంది. అసలు ముగింపు ఎక్కడ చదివేస్తుందోనని, "ఇది లైబ్రరీకి ఇచ్చేయాలి, తీసుకెళ్తాను" అని అందుకోబోయాను.

మొరీన్ పుస్తకం మీద చెయ్యి వేసింది. "కంగారుపడకు కీర్తనా. ఈ కథలు నేను పెళ్ళికాకముందే చదివాను. పెళ్ళయ్యాక చదివి వినిపిస్తే, ఆ తడి బట్టల ముగింపుకి కాలిన్ చాలా రోజులు లైటు ఆర్పనివ్వలేదు."

"మరి నిన్న ఆంటీ చదివింది..."

"శేషా చెప్పిందే బాగుంది. నాకు తెలుసని మాత్రం ఆమెతో అనకు. ఇంకా సగం పుస్తకం మిగిలుంది." ఆవిడ టోస్ట్ ముక్క కొరికి, కళ్ళు మెరుస్తుండగా అంది. "తర్వాతి కథలో బావిలోంచి ఒక చెయ్యి పైకొస్తుంది. ఆ చేత్తో శేషా ఏం పని చేయిస్తుందో చూడాలి."